మూడు మూలల తాళంచెవి

మేడల్లో ఉండేవాళ్ళకు ఆయన పేరు తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరమూ పడలేదు. లిఫ్టు ఆగిపోతే "లిఫ్టాయనకి ఫోన్ చెయ్యండి" అనేవారు. ఆయన వచ్చేవాడు, లిఫ్టు నడిచేది. అంతటితో సరి. బావమరిది మాత్రం సరదా పుట్టినప్పుడల్లా "మా బావ రోజూ పైకి పోయి వస్తుంటాడు" అని నలుగురిలో అనేవాడు. ఆ మాట వాళ్ళక్క చెవిన పడితే ఆ పూట అతనికి టీ కూడా దక్కేది కాదు.

ఆయనకి ఎవరూ కూర్చోబెట్టి పని నేర్పలేదు. చేరిన కొత్తలో పెద్ద మేస్త్రి వెనకాల దీపం పట్టుకుని నిలబడి, చూసి నేర్చుకున్నాడు. ఇనప తాడు మీద చెయ్యి వేసి అరుగుదల చెప్పడం, మోటారు చప్పుడులో తేడా పట్టడం అలా చేతికీ చెవికీ వచ్చాయి. మాటకారి కాదు. ఏం బాగు చేశారని ఎవరైనా అడిగితే "ఎక్కి చూడండి" అనేవాడు.

ఆయనకో మోటారు సైకిలు ఉండేది. లోకంలో వేరే బండే లేనట్టు ఇంట్లో అందరూ దాన్ని బండి అనేవారు. పెట్రోలు ట్యాంకు మీద ఆయన మోకాళ్ళు ఆనేచోట రంగు అరిగి రేకు తేలింది. వెనక చక్రం పక్కన రేకు పెట్టె ఒకటి తనే చేసి బిగించుకున్నాడు. పానాలు గలగలలాడకుండా లోపల పాత దుప్పటి ముక్క అతికించాడు. ఏది ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టినా తెలిసేది.

బండి తాళంచెవి ఉన్న రింగుకే ఇంకో తాళంచెవి వేలాడేది. వేలెడంత ఇనప గొట్టం, కొసన మూడు మూలల గుంట. లిఫ్టు తలుపు పైభాగంలో ఉండే చిన్న కన్నంలో దాన్ని దూర్చి తిప్పితే తలుపు బయటి నుంచి తెరుచుకుంటుంది. లోపల మనిషి ఇరుక్కున్నప్పుడు అది చేతిలో లేకపోతే ఎంతటి పనివాడైనా ఆ తలుపు ముందు దిష్టిబొమ్మే. కుర్రతనంలో ఒకసారి దాన్ని ఇంకో చొక్కా జేబులో మరిచిపోయి వెళ్ళి మేస్త్రి చేత చీవాట్లు తిన్నాడు. ఆ రోజే దాన్ని బండి తాళానికి తగిలించాడు. బండి కదిలిందంటే అది వెంట ఉన్నట్టే. ఇక గుర్తు పెట్టుకోవాల్సిన పని లేదు. గుర్తు పెట్టుకోవడం మానేశాడు కూడా.

ఆయన భార్య ఇంట్లో కుట్టుమిషను మీద బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. పెళ్ళైన కొత్త నుంచీ దారాలకీ గుండీలకీ బజారుకి ఆ బండి వెనకే కూర్చుని వెళ్ళేది. ఊరికే కూర్చునే మనిషి కాదు. "ఎడమకి తిప్పండి. ఆ వీధిలో ఇసక పోశారు, ఈ సందులోంచి పోనివ్వండి" అంటూ దారంతా భుజం మీద వేలితో పొడుస్తూనే ఉండేది.

"బండి నడిపేది నేనా, నువ్వా?" అనేవాడాయన.

"హ్యాండిల్ మీరు పట్టుకున్నారు. నడిపేది నేనే."

నిజానికి ఊళ్ళో సందులన్నీ ఆయనకి అలాగే తెలిశాయి.

పోయిన వానాకాలంలో, కట్టుబడి జరుగుతున్న ఒక మేడ ముందు, రోడ్డు మీద పరుచుకున్న సిమెంటు నీళ్ళ మీద బండి జారింది. తలకి హెల్మెట్ ఉంది కాబట్టి తలకేమీ కాలేదు. కుడి మణికట్టు ఎముక విరిగింది. ఆసుపత్రిలో కట్టు కడుతున్నంతసేపూ భార్య ఒక్క మాట మాట్లాడలేదు. అంతకన్నా ఆవిడ తిట్టినా బాగుండేదని అనుకున్నాడు.

కట్టుతో ఉన్నన్నాళ్ళూ ఆఫీసులో ఫోన్ల దగ్గర కుర్చీ ఇచ్చారు. ఎక్కడో లిఫ్టు ఆగేది, ఫోన్ మోగేది, ఇంకెవరో పెట్టె పట్టుకుని పరిగెత్తేవారు. ఆయన అద్దంలోంచి చూస్తూ కూర్చునేవాడు. లిఫ్టులో చిక్కుకున్నవాడికీ తనకీ పెద్ద తేడా కనిపించలేదు. వాడినైతే ఎవరో ఒకరు వచ్చి బయటికి తీస్తారు.

కట్టు విప్పిన రోజు భార్య నోరు విప్పింది. "ఇక ఆ బండి ముట్టుకోవద్దు."

ఈ మాట ముందే విని ఉన్నాడేమో, సాయంత్రానికల్లా బావమరిది తన పాత కారు తెచ్చి వాకిట్లో పెట్టాడు. కొత్తది కొనుక్కున్నాడు, ఇది ఊరికే పడి ఉంటోందట.

"కారంటే కదిలే ఇల్లు బావా," అన్నాడు బానెట్టు మీద చెయ్యి వేసి.

"ఉన్న ఇల్లు చాల్లేరా. రోడ్డు మీద ఇంకోటి ఎందుకు?"

"ఎండ తగలదు, వాన తగలదు. పాటలు వినొచ్చు. కావాలంటే కాసేపు నడుం వాల్చొచ్చు."

"నేను నడుం వాలిస్తే లిఫ్టులో ఉన్నవాడి గతేం కాను?"

"లిఫ్టులో ఉన్నవాడికి మీరు ముక్కలు కాకుండా రావడం కావాలి," అంది భార్య లోపల్నించి, మిషను ఆపకుండానే.

"సందుల్లో కారు దూరదే."

"దూరకపోతే దిగి నడవండి. నడిస్తే ఎవరి చెయ్యీ విరగదు."

బావమరిది అటు తిరిగి నవ్వాడు. ఆయన కారు తాళం తీసుకున్నాడు.

ఉన్నమాట చెప్పుకోవాలి కాబట్టి, కారుతో సుఖం లేదని ఆయన ఎప్పుడూ అనలేదు. మొదటి వానకి లోపల పొడిగా కూర్చుని అద్దం మీద నీళ్ళు జారుతుంటే చూసి, ఇన్నేళ్ళూ ఎందుకు తడిశానా అనుకున్నాడు. బరువైన గేరు పెట్టెలు డిక్కీలో వేసుకుపోయేవాడు. భార్య కుట్టిన యూనిఫారాల మూటలు ఒక్క ట్రిప్పులో బడికి చేర్చాడు. నడుం నొప్పి తగ్గింది. పనికి చేరేసరికి చొక్కా ఇస్త్రీ చెదరకుండా ఉండేది.

కాని చేరేదెప్పుడు? లిఫ్టులున్న మేడలన్నీ ఇరుకు వీధుల్లో ఒకదాన్నొకటి తోసుకుంటూ నిలబడ్డవే. కూడలి దగ్గర వాహనాలు ఆగిపోతే, బండి మీదైతే పక్క సందు కనిపించేది. కారులో ముందు లారీ వెనక రేకు కనిపించేది. చేరాక కారు పెట్టే చోటు కోసం వీధులు చుట్టి, ఎక్కడో దూరాన ఆపి, పానాలు వేసుకున్న చేతిపెట్టె మోసుకుంటూ నడిచేవాడు. రెండుసార్లు ఆయన వెళ్ళేసరికే ఇంకొకతను తలుపు తీసి, మనుషుల్ని పంపించేసి, మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

సూపర్‌వైజరు ఆయన కన్నా చిన్నవాడు, మర్యాదస్తుడు. "మిమ్మల్ని అనేంతవాణ్ణి కాదు. కాని ఫోన్ చేసినవాళ్ళకి నేను జవాబు చెప్పుకోవాలి కదా," అన్నాడు. "ఈ నెలాఖరుదాకా చూద్దాం. కుదరదంటే ఫోన్ల దగ్గర మీ కుర్చీ అలాగే ఉంది. దాంట్లో తప్పేం లేదు."

తప్పు లేదు నిజమే. ఆయన ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు. చెబితే భార్య ఆ కుర్చీకి మెత్త కుట్టి పంపుతుందని ఆయన భయం.

బండి మాత్రం వాకిట్లో గోనెపట్టా కింద ఉంది. దాని తాళంగుత్తి గుమ్మం పక్క మేకుకి వేలాడేది. రోజూ కారు తాళంతో పాటు దాన్నీ అలవాటుగా జేబులో వేసుకునేవాడు. ఒక సాయంత్రం, బ్యాటరీ చచ్చిపోతుందని పట్టా తీసి బండి స్టార్టు చేశాడు. సీటు మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు కాసేపటిదాకా దిగలేదు. తల తిప్పేసరికి గుమ్మంలో భార్య నిలబడి ఉంది. చూసి లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున మేకు మీద కారు తాళం ఒక్కటే ఉంది.

ఆయనకి అర్థమైంది. అడిగితే ఇచ్చేదేమో. అడగలేదు. ఇంత వయసు వచ్చాక తనని చిన్నపిల్లాడిలా చూస్తోందని మనసు చివుక్కుమంది. టీ సగంలో వదిలేసి కారెక్కాడు. ఆ ఉక్రోషంలో, ఆ రింగుకి బండి తాళంతో పాటు ఇంకేం వేలాడుతోందో ఆయన బుర్రకి తట్టలేదు.

పొద్దెక్కుతుండగా ఫోన్ వచ్చింది. నాలుగంతస్తుల పాత మేడ, లిఫ్టులో పెద్దాయన ఒక్కడే ఉన్నాడు. "మీరే దగ్గర. మిగతావాళ్ళంతా ఊరి అవతల ఉన్నారు," అన్నాడు సూపర్‌వైజరు. కూడలిలో ఇనప చువ్వల లారీ ఒకటి అడ్డం తిరిగి ఆగిపోయి ఉంది. ఆయన కాసేపు చూశాడు. ఇక లాభం లేదని కారుని మూసి ఉన్న కొట్టు ముందు వదిలేసి, పెట్టె పట్టుకుని నడక మొదలుపెట్టాడు. నడక పరుగైంది.

లిఫ్టు మూడో అంతస్తుకి కాస్త కింద ఆగి ఉంది. మూడో అంతస్తు తలుపు ముందు పెద్దాయన కోడలు, వాచ్‌మన్ నిలబడి ఉన్నారు.

"గుండెకి మందులు వాడుతున్నారండీ," అంది కోడలు మెల్లగా.

ఆయన తలుపుకి నోరు దగ్గర పెట్టాడు. "లిఫ్టాయన్నండీ. వచ్చేశాను. మీరు గోడకి ఆనుకుని కూర్చోండి."

"ఇప్పటికా?" అంది లోపలి గొంతు. "నేను బస్సు నడిపే రోజుల్లో ఇంత ఆలస్యమైతే, జనం నన్ను దించేసి వాళ్ళే నడుపుకునేవాళ్ళు."

కోడలు తేలిగ్గా ఊపిరి తీసుకుంది. మనిషి బాగానే ఉన్నాడు.

ఆయన మేడ మీది మోటారు గదికి ఎక్కి, కరెంటు తీసేసి, బ్రేకు కొద్దికొద్దిగా వదులుతూ చక్రాన్ని చేత్తో తిప్పాడు. ఇనప తాళ్ళ మీద అంతస్తుకొక రంగు గుర్తు ఉంటుంది. మూడో గుర్తు అంచుకి రాగానే బ్రేకు బిగించి కిందికి దిగాడు. ఇక తలుపు తియ్యడమే. జేబులో చెయ్యి పెట్టాడు. కారు తాళం తగిలింది. అదొక్కటే తగిలింది.

రెండో జేబు చూశాడు. పెట్టె చూశాడు. అక్కడ లేదని చేతికి తెలుసు, అయినా చూశాడు.

"ఈ మేడది ఒకటి మోటారు గదిలో ఉండాలే?" అన్నాడు వాచ్‌మన్‌తో.

"రంగులేసినవాళ్ళు వచ్చి పోయాక కనబడలేదండీ."

పట్టకారు ఆ కన్నంలోకి దూరదు. తలుపు బద్దలు కొట్టొచ్చు గాని, లోపల కూర్చున్న మనిషి మీదికే వస్తుంది. ఆయన మెట్ల మీదికి జరిగి ఇంటికి ఫోన్ చేశాడు.

"బండి తాళం..." అన్నాడు.

"నేనే దాచాను," అంది భార్య.

"తెలుసు. దానికే లిఫ్టు తాళంచెవి కూడా ఉంది. ఇక్కడ లోపల మనిషున్నాడు." మేడ ఎక్కడుందో, కూడలిలో లారీ ఎలా అడ్డం పడిందో చెప్పాడు.

మిషను సొరుగు లాగిన చప్పుడు, దారపు కండెలు నేల మీద దొర్లిన చప్పుడు వినిపించాయి. తర్వాత కూతురి గొంతు. ఆ అమ్మాయి మందుల కొట్లో పనిచేస్తుంది, మధ్యాహ్నం డ్యూటీ కాబట్టి ఇంట్లోనే ఉంది.

"ఇటివ్వమ్మా. నేను తీసుకెళ్తా."

"ఎలా తీసుకెళ్తావే? ఆటో కూడా కదలదు."

"బండి మీద."

"నీకు బండొచ్చా? ఎవరు నేర్పారు?"

లిఫ్టాయన ఫోన్ చెవి నుంచి కాస్త దూరంగా పెట్టుకున్నాడు.

"నాన్న నేర్పాడు. నీకు చెప్పొద్దన్నాడు. ముందు హెల్మెట్ పెట్టుకో, దారి నీకే తెలుసు," అంది కూతురు.

"ఇంటికొచ్చాక మీ ఇద్దరి సంగతీ చెప్తాను," అన్న మాటతో ఫోన్ ఆగిపోయింది.

ఆయన తిరిగొచ్చి తలుపుకి వీపు ఆనించి నేల మీద కూర్చున్నాడు.

"ఏమయ్యా, వెళ్ళిపోయావా?" లోపలి గొంతు ఇందాకటి కన్నా మెత్తబడింది.

"లేదండీ. ఇక్కడే ఉన్నాను. తాళంచెవి ఇంట్లో ఉండిపోయింది. మా ఆవిడ దాచింది."

"ఏం, నువ్వు ఇల్లు కదలకుండానా?"

"బండెక్కకుండా. మొన్న వానల్లో పడ్డాను. అప్పట్నుంచీ కారులో పొమ్మంటుంది. పోతున్నాను. అందుకే ఆలస్యం."

లోపల కాసేపు చప్పుడు లేదు. ఆయన తలుపు మీద వేలితో తట్టాడు. "పెద్దాయనా?"

"ఉన్నానయ్యా. ఊపిరి కాస్త బరువుగా ఉంది, అంతే. మా ఆవిడ గుర్తొచ్చింది." గొంతు ఆగి ఆగి వస్తోంది. "నేను డ్యూటీకి పోతే, తిరిగొచ్చేదాకా వీధి గుమ్మం వదిలేది కాదు. అంత పెద్ద బస్సుకి ఏమవుతుందే అనేవాణ్ణి. బస్సు సంగతి ఎవరడిగారు అనేది."

లిఫ్టాయనకి పొద్దున సగంలో వదిలేసిన టీ గుర్తొచ్చింది. తను విసురుగా కారెక్కుతుంటే ఆవిడ గుమ్మంలోకి వచ్చిందో లేదో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. చూసి ఉంటే కదా.

"ఆవిడా నేనూ ఎప్పుడూ దెబ్బలాడుకునేవాళ్ళం," అన్నాడు పెద్దాయన. "ఇప్పుడు దెబ్బలాడ్డానికి ఈ లిఫ్టే దొరికింది."

"నాతో దెబ్బలాడండి. నేనున్నాగా."

"నువ్వు మంచోడివి. నీతో ఏం కుదురుతుంది?"

అలా ఆ మాటా ఈ మాటా అంటూ ఆయన పెద్దాయన్ని నిద్రలోకి జారనివ్వలేదు. ఏ బస్సు నడిపాడో, ఏ మలుపు కష్టమో అడిగాడు. ఒక్కో జవాబుకీ ఎక్కువసేపు పడుతోంది. కోడలు మందు బిళ్ళ అరచేతిలో పట్టుకుని నిలబడి ఉంది.

ఉన్నట్టుండి ఆయన తలెత్తాడు. కింద వీధిలోంచి ఒక చప్పుడు. రెండు దెబ్బలకి ఒకసారి కొద్దిగా తడబడే ఇంజను. ఊళ్ళో ఎన్ని బండ్లున్నా ఆ తడబాటు ఒక్కదానిదే. బాగు చెయ్యాలని ఎన్నాళ్ళనుంచో అనుకుంటూ వదిలేశాడు.

మెట్ల మీద అడుగులు. లిఫ్టు లేదు కదా, మూడంతస్తులూ ఎక్కి భార్య వచ్చింది. తలకి ఆయన హెల్మెట్ అలాగే ఉంది, కళ్ళ మీదికి జారి సగం మొహమే కనిపిస్తోంది. రొప్పుతోంది. చెయ్యి చాచి తాళంగుత్తి ఇచ్చింది.

ఆయన మూడు మూలల తాళంచెవి కన్నంలో పెట్టి తిప్పాడు. లోపల కొక్కెం టక్కుమంది. తలుపు తెరిచి, ఒక చెయ్యి అంచుకి అడ్డంగా పెట్టి, రెండో చెయ్యి లోపలికి అందించాడు. "తొందరేం లేదు. ముందు కూర్చునే నా చెయ్యి పట్టుకోండి. ఇప్పుడు లేవండి. గడప ఉంది, కాలు ఎత్తి పెట్టండి." పెద్దాయన బరువంతా ఆయన కుడిచేతి మీదే పడింది. విరిగి అతుక్కున్న ఆ మణికట్టు వణకలేదు. భార్య దాన్నే చూస్తోందని ఆయనకి తెలుసు. ఆవిడ ఆయన పని చేస్తుండగా చూడడం అదే మొదలు.

పెద్దాయన కుర్చీలో కూర్చుని, బిళ్ళ వేసుకుని, నీళ్ళు తాగాడు. మొహంలోకి రంగు వచ్చాక హెల్మెట్ ఆవిడ వైపు తిరిగాడు. "ఈవిడేనా దాచింది?"

"తెచ్చింది కూడా ఆవిడేనండీ," అన్నాడు లిఫ్టాయన.

ఆవిడ అప్పటికి హెల్మెట్ తీసింది. జుట్టంతా రేగి ఉంది. "ఆ కూడలి దాటడం ఎవరి తరం కాదు," అంది ఎవరితోనో చెబుతున్నట్టు. "రంగుల కొట్టు పక్క సందులోంచి తిప్పించాను. మీ కూతురికి చెప్తే గాని తెలీదు, అచ్చం మీలాగే." ఆగి మళ్ళీ అంది, "కారు ఎక్కడ?"

"కూడలికి అవతల. నడిచొచ్చాను."

"పెట్టె మోసుకునా?"

ఆయన పెట్టెలో పానాలు సర్దుకోసాగాడు.

లిఫ్టుని ఆపిన తలుపు కొక్కెం సరిచేసే పని ఇంకా మిగిలి ఉంది. "నేను పని ముగించి వస్తాను. కారులో నాతో వస్తావా, అమ్మాయితో వెళ్తావా?" అని అడిగాడు.

ఆవిడ మెట్ల వైపు చూసింది. బడివాళ్ళు సాయంత్రం యూనిఫారాల కోసం వస్తారు, గుండీలు ఇంకా కుట్టలేదు. "కారులో అయితే ఎప్పటికి చేరతాం?" అని తనే అడిగి, జవాబు కోసం ఆగకుండా హెల్మెట్ పెట్టుకుంది. వెళ్ళేముందు మూడు మూలల తాళంచెవిని రింగు నుంచి ఊడదీసి ఆయన జేబులో తనే వేసింది. జేబు బయటి నుంచి ఒకసారి తడిమి చూసింది కూడా.

సాయంత్రం కారు దగ్గరికి వెళ్ళేసరికి దాని ముందొక వ్యాను, వెనకొక వ్యాను ఆనించి ఉన్నాయి. వ్యాను మనిషి వచ్చేదాకా స్టీరింగు ముందు కూర్చున్నాడు. అప్పుడే సూపర్‌వైజరు ఫోన్ చేశాడు. పెద్దాయన ఆఫీసుకి ఫోన్ చేసి, లేటుగా వచ్చినందుకు ఫిర్యాదు చేసి, మళ్ళీ ఆ మనిషినే పంపమన్నాడట. "నెలాఖరు వచ్చేస్తోంది. మరి ఏమనుకుంటున్నారు?" అన్నాడు.

"ఇంట్లో అడిగి చెప్తాను," అన్నాడు లిఫ్టాయన. ఇల్లు చేరాక కుర్చీ సంగతి ఏదీ దాచకుండా భార్యకి చెప్పాడు.

ఆవిడ విన్నది. గుమ్మం పక్క మేకుకి బండి తాళం వేలాడుతోంది. మిషను మీద మందపాటి నల్లటి గుడ్డ ఒకటి పరిచి ఉంది, బడి సంచులు కుట్టగా మిగిలింది.

"ఆ మూడు మూలలది ఇంకోటి చేయించండి," అంది. "ఒకటి బండికి, ఒకటి కారుకి. వానాకాలం కారే. బరువులున్న రోజు కారే. అందులో బేరం లేదు."

"సరే."

"నాకు తెలీకుండా నేర్పిన సంగతి వేరే. దాని గురించి తర్వాత."

"సరే."

"చేతులెత్తండి."

ఆయన చేతులెత్తాడు. ఆవిడ మెడలో టేపు తీసి భుజాలు కొలిచింది, ఛాతీ కొలిచింది. "బండి మీద వేసుకునే కోటు ఇది. మోచేతుల దగ్గర రెండు పొరలు వేస్తాను. కదిలితే కొలత తప్పుతుంది, ఊరికే నిలబడండి." ముంజేతి దగ్గరికొచ్చి కుడి మణికట్టుకి టేపు చుట్టింది. ఎముక అతికినచోట అది ఎడమదాని కన్నా కాస్త లావు. ఆవిడ టేపు విప్పి, మళ్ళీ చుట్టి, ఇంకోసారి కొలిచింది.